మీరడగండి, అక్క చెప్తుంది: నైరోబీ మిషన్ ట్రిప్ మీద మీ ఉత్తరాలు

పోయిన సంచికలో మేం నైరోబీలో ఉన్న రోజుల గురించి రాస్తూ అక్కడి సంఘం ఆడవాళ్ళతో కలిసి పిల్లల రిమాండ్ హోమ్‌కి వెళ్ళేదాన్నని మధ్యలో ఒక్క ముక్క అన్నా. అంతే, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం పైన దాని మీదే. పిల్లల చదువులు, అత్తాకోడళ్ళ గొడవలు రాసినవాళ్ళు ఏమనుకోకండి, వచ్చే నెల మీకే మొత్తం పేజీ. పేర్లు వద్దన్నారు కాబట్టి ఊళ్ళు మాత్రమే వేస్తున్నా.

అక్కా వందనాలు. నేను గుంటూరులో మా సంఘానికి యూత్ లీడర్ని. ఆగస్టులో మా యూత్, పాస్టర్ గారు, అమ్మగారు కలిసి కెన్యా మిషన్ ట్రిప్ వెళ్తున్నాం. నైరోబీ దగ్గర ఒక అనాథాశ్రమంలో వారం రోజులు విబిఎస్ (పిల్లలకి సెలవుల బైబిల్ స్కూల్), స్కిట్లు, గోడలకి పెయింటింగ్, కొత్త బట్టలు పంచడం పెట్టుకున్నాం. ఆఖరి రోజు టైమ్ మిగిలితే పిల్లల జైలు కూడా చూపిస్తామన్నారు. ప్లాన్ ఎలా ఉంది? ఏమన్నా మార్చమంటే మారుస్తాం. (గుంటూరు)

వందనాలు తమ్ముడూ. మారుస్తానన్నావు కాబట్టి మొహమాటం లేకుండా చెప్తా, మీ ప్లాన్ తలకిందులుగా ఉంది. వారం ఇవ్వాల్సిన చోటికి పూట ఇచ్చారు, పూట కూడా ఎక్కువైన చోటికి వారం ఇచ్చారు.

ముందు ఆశ్రమం సంగతి. కెన్యాలో పిల్లల హోముల్లో సుమారు 40-45 వేల మంది పిల్లలున్నారని అక్కడ అందరూ చెప్పే లెక్క. వాళ్ళలో చాలామందికి అమ్మో నాన్నో ఉన్నారు, లేదంటే అమ్మమ్మో మేనమామో ఉన్నారు. మరి హోమ్‌లో ఎందుకున్నారంటే ఫీజు కట్టలేక, తిండి పెట్టలేక, అక్కడైతే స్కూలూ భోజనం రెండూ దొరుకుతాయని తెచ్చి వదిలారు. మన దగ్గర హాస్టల్లో వేసినట్టే అనుకుంటారు పాపం వాళ్ళూ. కానీ హాస్టల్ పిల్లాడు సెలవులకి ఇంటికొస్తాడు, ఈ పిల్లలు ఏళ్ళ తరబడి రారు. ఇదేదో నేను కనిపెట్టింది కాదు, కెన్యా ప్రభుత్వమే 2017 నవంబర్‌లో కొత్త హోములకి రిజిస్ట్రేషన్ ఆపేసింది, 2022లో పదేళ్ళ ప్లాన్ ఒకటి పెట్టుకుంది, 2032 నాటికి పిల్లల్ని హోముల్లోంచి కుటుంబాల్లోకి పంపాలని. ఆ దేశం మూసుకుంటూ వస్తున్న తలుపుకి మనం ఇక్కణ్ణుంచి టికెట్లు కొనుక్కుని వెళ్ళి రంగులు వేయడం ఏంటి చెప్పు? పెయింటింగ్ అంటావా, నైరోబీలో పెయింటర్లు లేరా, పని దొరక్క రోడ్డు పక్కన బ్రష్షులు పట్టుకుని కూర్చునే వాళ్ళు బోలెడుమంది. మీవాళ్ళలో గోడకి సున్నం వేసిన అనుభవం ఎంతమందికి ఉందో నువ్వే లెక్క చూసుకో.

ఇంకోటి. మీరు గేటు దాటగానే చిన్నపిల్లలు పరిగెత్తుకుంటూ వచ్చి చంకెక్కేస్తారు, ఒళ్ళో కూర్చుంటారు, జుట్టు పట్టుకుని చూస్తారు, మీకేమో కళ్ళల్లో నీళ్ళొస్తాయి, ఎంత ప్రేమ ఈ పిల్లలకి అని. సొంతింట్లో పెరిగే మూడేళ్ళ పిల్ల కొత్తవాళ్ళని చూస్తే అమ్మ కొంగు వెనక దాక్కుంటుంది కదా. ముక్కూ మొహం తెలియని మనిషి మీదకి ఎగబడే పిల్లని చూసి సంతోషపడాలా, భయపడాలా? రుమేనియాలో 1989లో ప్రభుత్వం పడిపోయినప్పుడు లక్షకి పైగా పిల్లలు హోముల్లో దొరికారు, తర్వాత బుకారెస్ట్‌లో 136 మంది పసిపిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించిన డాక్టర్లు ఇదే చూశారు, ఎవరు పిలిస్తే వాళ్ళతో వెళ్ళిపోయే అలవాటు. ప్రేమ ఎక్కువై కాదు, ఎవరూ నిలకడగా లేక. అందులో ఎవరైతే రెండేళ్ళ లోపే ఒక ఇంటికి, ఒక పెంపుడు తల్లి దగ్గరికి వెళ్ళారో వాళ్ళు బాగా కోలుకున్నారట. మీ టీమ్ వారం ఉండి, ఏడ్చి, ఏడిపించి వచ్చేస్తుంది, వచ్చే వారం ఇంకో దేశం టీమ్ వస్తుంది.

ఇక ఆ "పిల్లల జైలు". అది జైలు కాదు, రిమాండ్ హోమ్ అయ్యుంటుంది, కేసు తేలేదాకా ఉంచేది. శిక్ష పడ్డాక పంపే రిహాబిలిటేషన్ స్కూళ్ళు వేరే, ఇవి రెండూ చిల్డ్రన్స్ సర్వీసెస్ డిపార్ట్‌మెంట్ కింద. కాస్త పెద్ద పిల్లలకి బోర్స్టల్ అని ఉంటాయి, మొంబాసా వైపు షిమో లా తేవా, కాకమెగాలో షికూసా, ఆడపిల్లలకి నైరోబీలో కమాయే, అవి ప్రిజన్స్ వాళ్ళ చేతిలో. అసలు లోపలున్నది ఎవరనుకున్నావ్? దొంగలు, రౌడీలు అనుకుంటారు మనవాళ్ళు. ఫోన్ కొట్టేసిన పిల్లాడు ఉంటాడు, నిజమే. పెద్ద నేరం చేసినవాడూ ఉండొచ్చు. కానీ రోడ్డు మీద పడుకున్నందుకు, ఇంట్లోంచి పారిపోయి వచ్చినందుకు, జిగురు పీలుస్తూ దొరికినందుకు తెచ్చిపెట్టిన వాళ్ళు కూడా అదే కప్పు కింద. 2018లో కెన్యా మొదటిసారి వీధుల్లో బతికేవాళ్ళ లెక్క తీస్తే 46 వేల పైన తేలారు, ఒక్క నైరోబీలోనే 15 వేల పైన. వాళ్ళని ఊళ్ళో పిలిచే పేరు చొకోరా, అంటే చెత్తకుప్ప కెలుక్కునేవాడు అని. ఆ పేరుతోనే పెరుగుతారు. 2022 వరకు అక్కడ ఎనిమిదేళ్ళ పిల్లాడి మీద కూడా నేరం మోపొచ్చు, కొత్త చిల్డ్రన్ యాక్ట్ వచ్చాక దాన్ని 12కి పెంచారు. మంచి చట్టమే, కోర్టు దాకా పోకుండానే దారి మళ్ళించే పద్ధతులు కూడా పెట్టారు, కానీ చట్టం కాగితం మీదనుంచి పిల్లాడి దాకా రావాలంటే మధ్యలో ఎవరో ఒకరు తిరగాలి కదా.

మేం వెళ్ళేది మధ్యాహ్నం పూట. గేటు దగ్గర రిజిస్టర్‌లో పేరు, టైమ్ రాసి, ఫోన్లు అక్కడ డబ్బాలో పడేసి లోపలికి వెళ్ళాలి. అప్పటికి భోజనాలయ్యేవి, ఉగాలి అనే మొక్కజొన్న పిండి ముద్ద, సుకుమా వికీ అని ఒక ఆకుకూర వేపుడు, ప్లేట్లు కడిగి బోర్లించిన వరసల పక్కనే నేల మీద పిల్లలు. మాతో వచ్చేవాళ్ళలో మామా (స్వాహిలీలో అమ్మ అని) అని అందరూ పిలిచే ఒకావిడ ఉండేది, మార్కెట్‌లో టమాటాలు అమ్ముతుంది, ఆవిడ బైబిల్ కన్నా ముందు ఒక నోట్‌బుక్ తీసేది. అందులో ఉండేవి ఫోన్ నంబర్లు. పిల్లలకి తల్లి నంబరు నోటికొచ్చేది, కొంతమందికి చివరి రెండు అంకెలు గుర్తుండేవి కావు. ఒక పిల్లాడు, పదమూడేళ్ళుంటాయేమో, నంబరు చెప్పేశాక ఆవిడ రాసింది సరిగ్గా ఉందో లేదో అని పుస్తకం లాక్కుని వేలు పెట్టి ఒక్కో అంకె చూసుకున్నాడు. బయటికి రాగానే ఆవిడ అక్కడి ఆఫీసరమ్మకి ఆ నంబర్లు ఇచ్చి, ఆ ఆఫీసరమ్మ ఎదుటే ఫోన్ చేయించేది. ఈ పిల్లాడి అమ్మ కిసుము వైపు ఊళ్ళో ఉంది, కొడుకు పోయాడనుకుంటోంది. ఆమె నైరోబీ రావడానికి బస్సు ఛార్జీలు లేవు. తల్లి వచ్చి కోర్టులో నిలబడితే పిల్లాణ్ణి ఇంటికి పంపే అవకాశం ఎక్కువ, ఎవరూ రాకపోతే కేసు వాయిదా పడుతూనే ఉంటుంది. ఆ బస్సు ఛార్జీ సంఘం ఆడవాళ్ళు చిల్లర పోగేసి పంపారు. వాడు వెళ్ళిపోయాడు.

నీ టీమ్‌కి ఇందులో పని ఉందా అంటే ఉంది. ముందు ఆ పిలిచిన సంఘాన్ని అడుగు, మీరు రిమాండ్ హోమ్‌కి ఎప్పుడన్నా వెళ్తారా, వెళ్తే ఏ రోజు, వాళ్ళకి ఏం కావాలి అని. వాళ్ళు ఎప్పుడూ వెళ్ళరు, మీరొస్తున్నారని పర్మిషన్ తీసుకుంటున్నారంటే ఆ ట్రిప్ ఆపేయ్. వెళ్తారంటే వాళ్ళ వెనక నడవండి. మీలో కుట్టుపని తెలిసినవాళ్ళుంటే, ఎలక్ట్రీషియన్ ఉంటే, లెక్కలు బాగా చెప్పేవాళ్ళుంటే వాళ్ళని తీసుకెళ్ళు, స్కిట్ వేసేవాళ్ళని కాదు. పదిహేను, పదహారేళ్ళ మగపిల్లలకి నోవహు ఓడ స్కిట్ వేస్తే నవ్వుతారు, వేసినవాళ్ళని చూసి. సబ్బులు, ఆడపిల్లలకి ప్యాడ్లు, లోబట్టలు, ఇవి ఎప్పుడూ చాలవు, అక్కడి షాపులోనే కొనండి, గుంటూరు నుంచి మోసుకెళ్ళకండి. టీమ్‌ని సగం చేసి ఆ మిగిలిన టికెట్ల డబ్బు ఏడాది పొడుగునా తల్లిదండ్రుల బస్సు ఛార్జీలకి, ఒక లాయరు ఫీజుకి ఇస్తే ఎలా ఉంటుందో పాస్టర్ గారితో కూర్చుని మాట్లాడు. ఆయనకి కోపం వస్తే నా పేరు చెప్పు.

మేడం, నేను మీ మతం కాదు, లైబ్రరీల మ్యాగజైన్ చదువుత. సూటిగ అడుగుత, ఏమనుకోవద్దు. ఈ మిషన్ ట్రిప్పులు అన్నీ ఆఖరికి మతం మార్చనీకే కదా? జైల్ల ఉన్న పోరగాళ్ళు ఎటు పోలేరు గద, వాళ్ళకి చెప్పుడు న్యాయమేనా? (కరీంనగర్)

అనుకునేదేం లేదన్నా, అడగాల్సిన ప్రశ్నే. మొదటి సగానికి జవాబు సులువు, కెన్యాలో 2019 జనాభా లెక్కల ప్రకారం నూటికి 85 మంది క్రైస్తవులు. మనవాళ్ళు వెళ్ళి వాళ్ళని మార్చేదేం లేదు, మన యూత్‌కి రాని పాటలు ఆ రిమాండ్ హోమ్ పిల్లలకి నోటికొచ్చు, స్వాహిలీలో, ఇంగ్లీషులో, వాళ్ళ భాషల్లో మూడు గొంతులుగా విడిపోయి పాడతారు, మనమే నోరు తెరుచుకుని వినాలి. ముస్లిం పిల్లలు కూడా ఉంటారు, తీర ప్రాంతంలో ఎక్కువ.

రెండో సగం దగ్గర మాత్రం మీతో ఏకీభవిస్తా. ఎటూ లేచి పోలేని పిల్లాడి ముందు గంటన్నర ప్రసంగం చేసి, ఆఖర్న బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చి, చేతులెత్తండి ఎవరు నమ్ముకున్నారు అంటే అందరూ ఎత్తుతారు. బిస్కెట్ కోసం ఎత్తుతారు, వార్డెన్ చూస్తోందని ఎత్తుతారు. ఆ చేతులు లెక్కపెట్టుకొచ్చి సంఘంలో సాక్ష్యం చెప్పడం నాకు అస్సలు నచ్చదు, కొంతమందికి ఈ మాట కోపం తెప్పిస్తుందని తెలిసే రాస్తున్నా. మత్తయి 25లో చెరసాలలో ఉంటిని, నా యొద్దకు వచ్చితిరి అని ఉంది. అక్కడ అడిగింది రావడమే. మాతో వచ్చే ఆడవాళ్ళ పద్ధతి ఏంటంటే ముందు నంబర్లు, సబ్బులు, ఒంట్లో బాలేని పిల్లల సంగతి, అవన్నీ అయ్యాక ఇప్పుడు ప్రార్థన చేసుకుంటాం, ఉండాలనుకున్నవాళ్ళు ఉండండి, ఆడుకునేవాళ్ళు ఆడుకోండి అని బంతి ఒకటి ఇచ్చేవాళ్ళు. సగం మంది బంతి వెనక పోయేవాళ్ళు. ఎవరూ ఏమనేవాళ్ళు కాదు.

అమ్మా, నాకు ఎనభై దాటాయి, మాది నర్సాపురం. జార్జి ముల్లర్ గారు ఎవర్నీ చెయ్యి చాచి అడక్కుండా ప్రార్థన మీద వేలమంది అనాథల్ని సాకారు. మీబోటి వాళ్ళు ఈ రోజుల్లో అనాథాశ్రమమే వద్దంటుంటే మనసు నొచ్చుకుంటోంది. యాకోబు 1:27 మాటేమిటి? (నర్సాపురం)

అయ్యగారూ, మీరు నర్సాపురం నుంచి రాసి ముల్లర్ గారి పేరెత్తారంటే నేను జాగ్రత్తగా జవాబు చెప్పాలి. ఎందుకంటే ఆయన బావమరిది గ్రోవ్స్ గారే కదా 1836లో బౌడెన్ గారిని, బీర్ గారిని ఇంగ్లండ్ నుంచి మన దేశానికి తీసుకొచ్చింది, వాళ్ళే కదా మీ నర్సాపురం వచ్చి గోదావరి డెల్టా మిషన్ మొదలుపెట్టింది. అదే 1836లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో విల్సన్ స్ట్రీట్‌లో ముల్లర్ గారు అద్దె ఇంట్లో మొదటి హోమ్ తెరిచారు. అప్పటికి అక్కడ తల్లీ తండ్రీ పోయిన పిల్లకి ఇంకో దారి వర్క్‌హౌస్, అంటే పని చేయించుకుని గంజి పోసే చోటు, లేదంటే వీధి. ఆ రోజుల్లో ఆయన చేసింది చాలా పెద్ద పని, పదివేల మందికి పైగా పిల్లల్ని పెంచారు. తండ్రి, తల్లి ఇద్దరూ పోయారని కాగితాలు చూసి మరీ చేర్చుకునేవారు. ఈ రోజు కెన్యాలో ఆ రూల్ పెడితే చాలా హోములు సగానికి పైగా ఖాళీ అయిపోతాయి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. బ్రిస్టల్‌లోనే ఆష్లీ డౌన్‌లో ఆయన కట్టిన ఆ ఐదు పెద్ద బిల్డింగులు ఉన్నాయి కదా, 1958లో ఆ సంస్థ వాళ్ళే అవి అమ్మేసి పిల్లల్ని చిన్న చిన్న ఇళ్ళలోకి, కుటుంబంలా ఉండే చోట్లకి మార్చారు. ముల్లర్ గారి సొంత వారసులే ఆ దారి మార్చుకున్నారంటే మనం ఆయన పేరు మీద నైరోబీలో ఇంకో డార్మిటరీ కట్టాలని పట్టుబట్టడం ఎందుకండీ. యాకోబు పత్రికలో కూడా దిక్కులేని పిల్లలను, విధవరాండ్రను అని ఇద్దర్నీ పక్కపక్కనే పెట్టారు, ఇబ్బందిలో పరామర్శించమన్నారు. భర్త పోయినావిడకి నెలకింత సాయం చేస్తే పిల్లలు ఆవిడ దగ్గరే ఉంటారు, రెండూ ఒకేసారి అయిపోతాయి. ఇంకా బౌడెన్ గారు, బీర్ గారు తెలుగు నేర్చుకుని మీ దగ్గరే ఉండిపోయారు, రిటర్న్ టికెట్ కొనుక్కుని రాలేదు, ఆ విషయం మీకు నాకన్నా బాగా తెలుసు.

అక్కా, మేము డాలస్‌లో ఉంటాం. మా తెలుగు చర్చి ఇక్కడి ఒక అమెరికన్ చర్చితో కలిసి కెన్యా వెళ్తోంది. వాళ్ళు అందరికీ పోలీస్ చెక్, వేలిముద్రలు, ట్రైనింగ్ అంటున్నారు. మా పెద్దలకి అవమానంగా ఉంది, సేవకి వెళ్తుంటే దొంగల్లా చూడటమేంటని. మా పదహారేళ్ళ అమ్మాయి కూడా వస్తానంటోంది, పంపొచ్చా? (డాలస్, అమెరికా)

చెల్లీ, అవమానం కాదు, వాళ్ళు చేసేది సరైన పని, మీ పెద్దలకి ఈ రెండు సంగతులు చదివి వినిపించు. ఓక్లహోమా నుంచి నైరోబీలో ఒక పిల్లల హోమ్‌కి వాలంటీరుగా వెళ్ళిన పందొమ్మిదేళ్ళ కుర్రాడు, చర్చి కుర్రాడే, అక్కడి పిల్లల మీద చేసిన అఘాయిత్యాలకి 2016లో అమెరికా కోర్టు 40 ఏళ్ళ జైలు వేసింది. పెన్సిల్వేనియా నుంచి వెళ్ళి కెన్యాలో సొంతంగా అనాథాశ్రమం పెట్టిన ఒక మిషనరీకి 2021లో 15 ఏళ్ళ 8 నెలలు పడింది, అదే రకం నేరానికి. వాళ్ళు కూడా సేవకనే వెళ్ళారు, పంపినవాళ్ళు కూడా ప్రార్థన చేసే పంపారు. అనాథ పిల్లకి, జైల్లో పిల్లాడికి చెప్పుకోడానికి ఎవరూ ఉండరు, అదే చెడ్డవాడికి కావాల్సింది. అందుకని చెక్ అందరికీ చేయించండి, పాస్టర్ గారితో సహా. అక్కడికెళ్ళాక ఏ పెద్దవాళ్ళూ ఏ పిల్లతోనూ గదిలో ఒంటరిగా ఉండకూడదు, బాత్రూమ్‌కి తీసుకెళ్ళడం, స్నానం చేయించడం, పడుకోబెట్టడం ఇవన్నీ అక్కడి స్టాఫ్ పని, మనది కాదు. ఇంటి నంబరు ఇవ్వడం, ఫేస్‌బుక్‌లో ఫ్రెండ్ అవ్వడం వద్దు.

మీ అమ్మాయి విషయం, రిమాండ్ హోమ్‌కి మాత్రం పంపకు. తన వయసు పిల్లలే లోపల తాళంలో ఉంటే ఈ పిల్ల బయట్నుంచి వచ్చి వాళ్ళని చూసి వెళ్ళడం వాళ్ళకి బాగోదు, ముందు వాళ్ళ గురించి ఆలోచించు. మీ డాలస్‌లో కూడా జువెనైల్ డిటెన్షన్ ఉంటుంది, కోర్టుకి వచ్చే పిల్లలకి తోడుండే సంస్థలుంటాయి, పెద్దయ్యాక అక్కడ మొదలుపెట్టమను, దానికి పాస్‌పోర్ట్ అక్కర్లేదు. 2019లో ఐక్యరాజ్యసమితి కోసం చేసిన స్టడీలో లోకం మొత్తం మీద ఏటా 70 లక్షల మందికి పైగా పిల్లలు ఏదో ఒక రకంగా నిర్బంధంలో ఉంటారని తేల్చారు, అందులో హోముల్లో వేసేసినవాళ్ళే ఎక్కువ, జైళ్ళలో నాలుగు లక్షల పైన.

మేడమ్, నేను, మా వారు పోయినేడు కెన్యా ట్రిప్‌లో ఒక పాపని చూశాం. మాకు పిల్లల్లేరు. ఆ పాపని తెచ్చుకోవాలని ప్రార్థిస్తున్నాం. హోమ్ వాళ్ళు పేపర్లు మేం చూసుకుంటాం అంటున్నారు, కొంత డబ్బు అడిగారు. (పేరు, ఊరు వద్దన్నారు)

అమ్మా, డబ్బు పంపకండి. ముందు అది. కెన్యా ప్రభుత్వం 2014 నవంబర్‌లోనే విదేశీయులకి పిల్లల్ని దత్తత ఇవ్వడం ఆపేసింది, పిల్లల అమ్మకాలు జరుగుతున్నాయనే ఆపింది. అలాంటి దేశంలో ఒక హోమ్ వాళ్ళు పేపర్లు మేం చూసుకుంటాం అంటే ఆ పేపర్లు ఏంటో మీకే అర్థమవుతుంది. ఆ పాపకి కన్నవాళ్ళు ఉన్నారో లేదో కూడా మీరు రాయలేదు, వాళ్ళు చెప్పి ఉండరు.

హైతీలో 2010 జనవరిలో భూకంపం వచ్చిన రెండు వారాలకి అమెరికా నుంచి వచ్చిన పదిమంది బాప్టిస్టు సంఘం వాళ్ళు 33 మంది పిల్లల్ని బస్సెక్కించి సరిహద్దు దాటించబోయి దొరికిపోయారు. అనాథలన్నారు, తీరా చూస్తే చాలామందికి అమ్మానాన్నలు ఉన్నారు, చదివిస్తామంటే నమ్మి చేతిలో పెట్టారు. వచ్చినవాళ్ళు కూడా జైల్లో కూర్చోవాల్సొచ్చింది. అందరూ దుర్మార్గులని నేను అనను, దేవుడు పంపాడని నమ్మే వెళ్ళారు. మీ దుఃఖం నాకు తెలుస్తోంది, పిల్లల్లేని ఇల్లు ఎలా ఉంటుందో మా ఇంట్లోనూ చూశాం. మన దేశంలో దత్తతకి కారా అనే ప్రభుత్వ సంస్థ ఉంది, ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోండి, ఏళ్ళు పడుతుంది, కానీ వచ్చిన బిడ్డని రేపు ఎవరూ వచ్చి లాక్కెళ్ళరు. ఆ పాప కోసం ఏమన్నా చెయ్యాలనుంటే కెన్యాలో ఆ హోమ్ ఉన్న కౌంటీ (మన జిల్లా లాంటిది) చిల్డ్రన్స్ ఆఫీసర్‌కి రాయండి, పాప పేరు చెప్పి, ఈ హోమ్ వాళ్ళు ఇలా డబ్బు అడిగారు అని. అదే మీరు చేయగలిగిన పెద్ద సాయం, చేదుగా ఉన్నా.

ఫోటోలు తీసుకోవచ్చా అక్కా? సపోర్ట్ చేసినవాళ్ళకి చూపించాలి కదా. (రాజమండ్రి)

వద్దు తల్లీ. కేసులో ఉన్న పిల్లల మొహం, పేరు బయటపెట్టడం అక్కడా నేరమే, ఇక్కడా నేరమే, మన జువెనైల్ జస్టిస్ చట్టంలో సెక్షన్ 74 కింద ఆరు నెలల దాకా జైలో, రెండు లక్షల దాకా జరిమానానో, రెండూనో పడొచ్చు. రేపు ఆ పిల్లాడు పనికి వెళ్తే, ఆ యజమాని ఫోన్లో మీ చర్చి వీడియో కనబడితే? డబ్బిచ్చినవాళ్ళకి బస్సు టికెట్ల రసీదులు చూపించండి, సబ్బులు కొన్న బిల్లు చూపించండి. మొహాలు కనబడకపోతే కానుకలు రావంటారా, ఆ కానుకలు రాకపోయినా పర్లేదు.

వ్యాక్సిన్లు, వీసా, సామాన్ల గురించి కాస్త చెప్పరూ. (హైదరాబాద్, విజయవాడ, ఖమ్మం నుంచి చాలామంది)

ఎల్లో ఫీవర్ ఇంజెక్షన్ తప్పనిసరి, కెన్యా నుంచి తిరిగొచ్చేటప్పుడు ఆ పసుపు కార్డు లేకపోతే మన ఎయిర్‌పోర్ట్‌లోనే పట్టుకుని క్వారంటైన్‌లో పెడతారు. బయల్దేరడానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలి, హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు, ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. తీరం వైపో, విక్టోరియా సరస్సు వైపో వెళ్తే మలేరియా మాత్రలు డాక్టర్ని అడిగి తీసుకోండి. 2024 నుంచి వీసా బదులు ఆన్‌లైన్‌లో ఈటీఏ అని ప్రయాణ అనుమతి తీసుకోవాలి, అది వచ్చింది కదా అని హోముల్లో పని చేసేయొచ్చని కాదు, మీరు చేసే పనికి వేరే పాస్ కావాలేమో పిలిచిన సంఘం చేత ముందే ఇమిగ్రేషన్‌లో అడిగించండి. రిమాండ్ హోమ్‌కి చిల్డ్రన్స్ సర్వీసెస్ నుంచి, బోర్స్టల్‌కి ప్రిజన్స్ నుంచి రాతపూర్వకంగా పర్మిషన్ ఉండాలి, వార్డెన్ మావాడే అంటే కుదరదు.

జూన్ నుంచి ఆగస్టు దాకా నైరోబీ చల్లగా ఉంటుంది, ఆఫ్రికా కదా ఎండలని కాటన్ చీరలు సర్దుకుని వెళ్ళకండి, స్వెటర్ పెట్టుకోండి. అక్కడ మనల్ని ముహిందీ అంటారు, అంటే ఇండియన్ అని, కోపగించుకోకండి. వందేళ్ళ పైనుంచి మనవాళ్ళ దుకాణాలు అక్కడ ఉన్నాయి, 2017లో ప్రభుత్వం మనవాళ్ళని 44వ తెగగా కూడా గుర్తించింది. ఇండియన్ అంటే డబ్బున్న షాపాయన అని అక్కడివాళ్ళ లెక్క, కాబట్టి అడిగేవాళ్ళు ఎక్కువ ఉంటారు, ఎవరి చేతిలోనూ విడిగా డబ్బు పెట్టకండి, సంఘం ద్వారానే.

ఇంకో ముఖ్యమైన మాట, ఆవకాయ, కారప్పూస, పచ్చళ్ళు క్యారీబ్యాగుల్లో కట్టుకుని బయల్దేరతారు మనవాళ్ళు, 2017 ఆగస్టు నుంచి కెన్యాలో ప్లాస్టిక్ క్యారీబ్యాగులు నిషేధం, జరిమానా మామూలుగా ఉండదు. గుడ్డ సంచులు తీసుకెళ్ళండి, పచ్చడి డబ్బాలో పెట్టుకోండి.